నెత్తుటి దారిలో పనిముట్లు

విజ్ఞానశాస్త్ర చరిత్రను పురాణం చెప్పినట్టు చెప్పుకోవడం మనకు అలవాటయింది. న్యూటన్ ముందు ఆపిల్ పండు రాలింది. ఆర్కిమిడీస్ నీళ్ళతొట్టిలోంచి లేచి వీధిలోకి పరుగెత్తాడు. ఒక మహానుభావుడు, ఒక శుభముహూర్తం, ఒక మెరుపు: అంతటితో కథ సమాప్తం. ఆ మహానుభావుడి చేతికి పనిముట్టు ఎవరిచ్చారు, దానికి కావలసిన లోహమూ రబ్బరూ ఏ కార్ఖానాలో తయారయినవి, అతన్ని చూసి నవ్వినవారెవరు, చివరకు ఫలం ఎవరి ఇంటికి చేరింది అనే ప్రశ్నలకు పురాణంలో చోటు లేదు. నేను ముప్పై ఏళ్ళు కళాశాలలో పాఠాలు చెప్పినవాణ్ణి. నేనూ ఇలాగే చెప్పాను. పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వింటూ వుంటే నా పాఠం బాగుందని సంతోషించాను కూడా.

ఆ సంతోషం 2015లో పోయింది. ఆ ఏడు మా అన్నయ్యకు గుండెపోటు వచ్చి పట్నంలో ఒక ఆస్పత్రిలో చేర్చాం. ఆయన లోపల బల్లమీద వుండగానే ఒక యువకుడు బయటికి వచ్చి మా వదినను అడిగాడు: “అమ్మా, మామూలు స్టెంటు వెయ్యమంటారా, మందు పూసినది వెయ్యమంటారా?” రెండింటికీ తేడా ఏమిటని వదిన అడిగింది. ఆ అబ్బాయి ధరలు చెప్పాడు. వదిన నావైపు చూసి, “అంతంత డబ్బు ఎందుకవుతుంది మరిదీ? అది దేంతో చేస్తారు?” అంది. నేను విజ్ఞానశాస్త్ర చరిత్ర చెప్పేవాణ్ణి. నాకు జవాబు తెలియలేదు.

అన్నయ్య బతికాడు. ఈ మాట ముందుగా చెప్పడం న్యాయం. ఆ పనిముట్టే ఆయన్ని బతికించింది. అందువల్ల నేను రాస్తున్నది పనిముట్టుమీద ఫిర్యాదు కాదు. వదిన అడిగిన ప్రశ్నకు ఆలస్యంగా ఇచ్చుకుంటున్న జవాబు.

రక్తం శరీరమంతా తిరుగుతుందని విలియం హార్వే 1628లో రుజువు చేశాడు. 1733లో స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు తన ప్రయోగాలు ప్రచురించాడు. ఆయన ఒక గుర్రం ధమనిలోకి ఇత్తడి గొట్టం దూర్చి, దానికి నిలువుగా గాజు గొట్టం బిగించి, నెత్తురు ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకడం చూశాడు. 1844లో ఫ్రాన్సులో క్లోడ్ బెర్నార్ గుర్రం గుండెలోకే గొట్టం పంపాడు. అంటే బతికివున్న ప్రాణి గుండెలోకి నాళాల దారిన పోవచ్చునని పందొమ్మిదో శతాబ్దం మధ్యనాటికే తెలుసు. అయినా మనిషి విషయంలో ఆ పని జరగడానికి ఇంకా ఎనభై అయిదేళ్ళు పట్టింది. మనిషి గుండెను తాకితే ఆగిపోతుందనేది ప్రొఫెసర్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షించినవాడు లేడు. శాస్త్రంలోనూ మడి వుంటుంది.

ఆ మడిని మంటగలిపినవాడు వెర్నర్ ఫోర్స్‌మన్. 1929లో బెర్లిన్‌కు దగ్గరలో ఎబెర్స్‌వాల్డె అనే చిన్న పట్టణంలో, ఒక చిన్న ఆస్పత్రిలో శిక్షణ పొందుతున్న కుర్రడాక్టరు. పై అధికారి అనుమతి ఇవ్వలేదు. పరికరాల అల్మారా తాళాలు గెర్డా డిట్‌జెన్ అనే నర్సు దగ్గర వున్నాయి. ఫోర్స్‌మన్ ఆమెకు విషయం వివరించాడు. ఆమె అర్థం చేసుకుంది. అర్థం చేసుకోవడమే కాదు, ప్రయోగం తనమీద చెయ్యమంది. అతను ఆమెను బల్లకు కట్టి, ఆమెమీద చేస్తున్నట్టు నటించి, మోచేతి దగ్గర తన సిరనే కోసుకుని, మూత్రవైద్యులు వాడే సన్నని గొట్టాన్ని 65 సెంటీమీటర్ల వరకు లోపలికి పంపుకున్నాడు. ఆ తరువాత ఎక్స్‌రే గదికి నడిచివెళ్ళాడు. నర్సు అద్దం పట్టుకుంటే, గొట్టం కొన తన గుండె కుడి కర్ణికలో వుండడం ఆ అద్దంలో చూసుకున్నాడు. ఛాయాచిత్రం తీయించాడు. గుండె ఆగలేదు.

ఈ కథ నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా గెర్డా డిట్‌జెన్‌ను హాస్యపాత్రగా వాడుకున్నాను. కట్టివేయబడిన నర్సు అనగానే పిల్లలు నవ్వేవారు. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. ఆ రోజున ఆ ఆస్పత్రిలో ఆ ప్రయోగాన్ని నమ్మి, తన శరీరాన్నే ఇవ్వడానికి సిద్ధపడిన రెండో మనిషి ఆమె. తాళాలు ఆమెవి. అద్దం ఒక నర్సు చేతిలోది. చరిత్ర మాత్రం డాక్టరుది.

నేను దాచిన సంగతి ఇంకొకటి వుంది. పెద్ద ప్రొఫెసర్లు ఫోర్స్‌మన్‌ను ఆదరించలేదు. బెర్లిన్ షారిటే ఆస్పత్రిలో ఇమడలేక బయటపడ్డాడు. చివరకు మూత్రవైద్యంలో స్థిరపడ్డాడు. ఇక్కడిదాకా చెబితే అతను వ్యవస్థ అణచివేసిన వీరుడు. కాని 1932లోనే అతను నాజీ పార్టీలో చేరాడు. యుద్ధంలో సైనిక వైద్యుడుగా పనిచేశాడు. తన చేతిసిరలో గొట్టం దూర్చుకునేటంత ధైర్యం వున్నవాడికి, తన దేశంలో జరుగుతున్నదాన్ని ఎదిరించే ధైర్యం లేకపోయింది; ఎదిరించాలని కూడా అనిపించలేదు. ప్రయోగశాలలో తిరుగుబాటుదారుడు వీధిలోనూ తిరుగుబాటుదారుడై వుంటాడని మనం ఊహించుకుంటాం. ఆ ఊహ పురాణం నేర్పినదే. శాస్త్రీయ దృష్టి ఒక విషయంలో వుండి మరో విషయంలో లేకపోవచ్చు. 1956లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది. మనం మెచ్చుకోవలసినది ఆ గొట్టం ప్రయాణాన్ని. మనిషిని నిలువునా పూజించనక్కరలేదు.

ఆ బహుమతిని పంచుకున్న ఆంద్రె కూర్నాన్, డికిన్సన్ రిచర్డ్స్‌ల సంగతి వేరు. వారు న్యూయార్క్ బెల్‌వ్యూ ఆస్పత్రిలో పనిచేశారు. అది నగరం నడిపే ఆస్పత్రి, బీదలు వచ్చే ఆస్పత్రి. 1940ల మొదటి సంవత్సరాల్లో వారు కాథెటర్‌ను క్రమపద్ధతిలో వాడి గుండెలోని ఒత్తిడులూ, రక్తప్రవాహమూ కొలిచారు. యుద్ధంలో గాయపడినవారు నెత్తురు కోల్పోయి ఎందుకు చనిపోతారో తెలుసుకోవాలని ప్రభుత్వం ఆ పరిశోధనకు డబ్బిచ్చింది. కాబట్టి ఈ చరిత్రలో మొదటి మెట్టుకు ఖర్చు పెట్టినది ప్రజాధనం. శరీరాలు ఇచ్చినది బీద రోగులు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ధర మాట వచ్చినప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

ఇక గొట్టం లోపలికి పోయే దారి. సూది రంధ్రంలోంచి పోవాలంటే గొట్టం సూదికంటె సన్నగా వుండాలి. సన్నని గొట్టం చాలా పనులకు చాలదు. లావు గొట్టం కావాలంటే నాళాన్ని కోసి తెరవాలి. ఈ చిక్కును 1953లో స్టాక్‌హోమ్ కరోలిన్‌స్కా ఆస్పత్రిలో స్వెన్ ఇవార్ సెల్డింగర్ విప్పాడు. ముందు సూది గుచ్చాలి. సూదిలోంచి మెత్తని తీగ పంపాలి. సూది తీసెయ్యాలి. తీగమీదుగా గొట్టాన్ని జార్చాలి. తీగ లాగెయ్యాలి. అంతే. లంగాకు బొందు ఎక్కించేటప్పుడు ముందు పిన్నీసును నడిపే ఆడవాళ్ళెవరికైనా ఈ సూత్రం తెలుసు: గట్టిది ముందు పోతే మెత్తనిది వెంట వస్తుంది. సెల్డింగర్ మోరా అనే ఊళ్ళో యంత్రశాల నడిపిన కుటుంబంలో పుట్టాడు. ఈ పద్ధతి డాక్టరేటు సిద్ధాంతవ్యాసానికి చాలదని అతని పైవాళ్ళు భావించారు. అతను మరో విషయంమీద పరిశోధించి 1966లో ఆ పట్టం తెచ్చుకున్నాడు. ఇవాళ ప్రపంచంలో ఏ ఆస్పత్రిలోనైనా రక్తనాళంలోకి గొట్టం వేస్తే చాలావరకు సెల్డింగర్ పద్ధతిలోనే వేస్తారు. పండితులకు చేతిపని ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది.

ఈ చేతిపనిలో ఆరితేరినవాడు అమెరికాలో థామస్ ఫొగార్టీ. తండ్రి చిన్నప్పుడే పోయాడు. సిన్సినాటిలోని ఒక ఆస్పత్రిలో పరికరాలు శుభ్రంచేసే పనికి చేరి, తరువాత శస్త్రచికిత్స గదిలో సహాయకుడయ్యాడు. కాలి ధమనిలో నెత్తురుగడ్డ అడ్డుపడితే ఆ రోజుల్లో డాక్టర్లు పొడుగునా కోసి వెతికేవారు. గంటలకొద్దీ ఆపరేషను, కాళ్ళు పోయేవి, చాలామంది ప్రాణాలూ పోయేవి. కత్తి పట్టుకున్నవాడికి అది వృత్తి. పక్కన నిలబడి పళ్ళెం అందించే కుర్రవాడికి అది కళ్ళముందు జరిగే ఘోరం. ఫొగార్టీ వైద్యవిద్యార్థి అయ్యాక, రబ్బరు చేతితొడుగు చిటికెనవేలి కొనను కత్తిరించి గొట్టం కొనకు కట్టాడు. ఆ రెండింటినీ అంటించే జిగురు దొరకలేదు. అతనికి చేపలు పట్టే సరదా వుంది. గాలానికి ఈక కట్టే ముడులు వచ్చు. ఆ ముడులే వేశాడు. గొట్టాన్ని గడ్డ దాటించి, బుడగను ఉప్పునీటితో ఉబ్బించి, వెనక్కి లాగితే గడ్డ బయటికి వచ్చింది. 1961లో మొదటిసారి మనిషిమీద వాడారు. 1963లో ప్రచురించాడు. ముందు దాన్ని తయారుచేస్తామన్న కంపెనీ దొరకలేదు. ఒక విద్యార్థి ఇంట్లో కట్టిన బుడగను నమ్మేదెవరు?

ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లండ్‌లో ఛార్లెస్ డాటర్ ఎక్స్‌రే వైద్యుడు. అప్పటిదాకా గొట్టం చూడడానికే. చూసినదాన్ని బాగుచెయ్యడం సర్జన్ల హక్కు. గొట్టం చికిత్సకు కూడా పనికొస్తుందని డాటర్ 1963లో చెకొస్లొవేకియాలోని కార్లొవి వారీలో జరిగిన సభలో చెప్పాడు. 1964 జనవరి 16న, కాలు కుళ్ళుతున్నా తీసెయ్యడానికి ఒప్పుకోని 82 ఏళ్ళ ముసలమ్మను అతని దగ్గరకు పంపారు. తొడ ధమనిలో ఇరుకైనచోట తీగను దాటించి, ఒకదానిమీద ఒకటిగా లావైన టెఫ్లాన్ గొట్టాలను పంపి దారిని వెడల్పు చేశాడు. కాలు నిలిచింది. ఆమె ఆ తరువాత రెండేళ్ళకు పైగా తన కాళ్ళమీదనే నడిచింది.

దేశం పొంగిపోయిందనుకుంటున్నారా? లేదు. అమెరికా సర్జన్లలో చాలామంది ఆ పద్ధతిని దగ్గరికి రానివ్వలేదు. డాటర్‌కు పిచ్చివాడని పేరుపెట్టారు. కొందరు రోగిని పంపుతూ, ఫొటో తియ్యి చాలు, బాగుచెయ్యడానికి పూనుకోకు అని కాగితంమీద రాసేవారు. దీన్ని కేవలం అసూయ అనుకుంటే పొరపాటు. కాలు కొయ్యడానికీ, ధమనికి అతుకు వెయ్యడానికీ ఒక వృత్తివర్గం వుంది. దానికి గౌరవమూ ఆదాయమూ వున్నాయి. సూదిరంధ్రంలోంచి పని జరిగిపోతే ఆ గౌరవానికీ ఆదాయానికీ దెబ్బ. ఆ పద్ధతి ముందు యూరపులో నాటుకుని, పదేళ్ళు పెరిగి, తిరిగి అమెరికాకు వచ్చింది.

యూరపులో దాన్ని పెంచినవారిలో ముఖ్యుడు ఆంద్రెయాస్ గ్రుంట్‌జిగ్. 1939లో డ్రెస్డెన్‌లో పుట్టాడు. యుద్ధం తండ్రిని మింగింది. జూరిక్‌లో ఆస్పత్రి పని ముగించుకుని, రాత్రుళ్ళు ఇంట్లో వంటగది బల్లమీద బుడగలు చేశాడు. అతని భార్య, సహాయకురాలు మారియా ష్లుంప్ఫ్, ఆమె భర్త కూడా ఆ బల్లచుట్టూ కూర్చుని పనిచేశారు. రబ్బరు బుడగతో ఒక ఇబ్బంది వుంది. దాన్ని ఊదితే అడ్డువున్నచోట లొంగి, అడ్డులేనివైపు ఉబ్బుతుంది. కావలసినది ఒక కొలత దాకా ఉబ్బి, ఆ తరువాత గట్టిపడి అడ్డును నొక్కేది. రిటైరయిన ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడు పీవీసీ వాడిచూడమన్నాడు. అది పనిచేసింది. 1974లో కాలి ధమనిలోనూ, 1977 సెప్టెంబరు 16న 38 ఏళ్ళ ఒక రోగి గుండె ధమనిలోనూ ఆ బుడగ ఉబ్బింది. పదేళ్ళ తరువాత చూసినా ఆ ధమని తెరుచుకునే వుంది. గ్రుంట్‌జిగ్ అది చూడలేదు. 1985లో విమానప్రమాదంలో మరణించాడు.

ఇక్కడ ఒక్కక్షణం ఆగి లెక్క చూద్దాం. పాలిథీన్ 1933లో ఇంగ్లండులో పుట్టింది. యుద్ధంలో రాడార్ తీగలకు తొడుగు అయింది. టెఫ్లాన్ 1938లో అమెరికాలో పుట్టింది. అణుబాంబు తయారీలో పనికొచ్చింది. పీవీసీ నీటిగొట్టాలకూ వాడుతున్నదే. ఈ పదార్థాలు లేని కాలంలో సెల్డింగర్ పుట్టినా, డాటర్ పుట్టినా ఏం చేసేవారు? హేల్స్ చేతిలో ఇత్తడి గొట్టమే వుంది. గనుల్లో, రసాయన కార్ఖానాల్లో, తీగ లాగే మరల దగ్గర పనిచేసిన పేరులేని జనం చేతులు లేకుండా ఒక్క బుడగ కూడా ఉబ్బదు. అందుకే ఒకే ఆలోచన ఒకే కాలంలో పలుచోట్ల పుడుతుంది. స్టెంటు చరిత్ర దీనికి మంచి ఉదాహరణ.

బుడగ తీసేశాక ధమని కొన్నిసార్లు మళ్ళీ మూసుకుపోతుంది. లోపల ఒక లోహపు చట్రం నిలబెడితే? డాటర్ 1969లోనే కుక్కల ధమనుల్లో తీగచుట్టలు పెట్టి చూశాడు. అర్జెంటీనాలో పుట్టిన హులియో పాల్మాజ్ 1978లో గ్రుంట్‌జిగ్ ప్రసంగం విని ఆలోచన మొదలుపెట్టాడు. గోడలకు గచ్చు పూసేముందు తాపీవాళ్ళు కొట్టే జల్లెడరేకు అతనికి నమూనా అయింది. నొక్కివుంచిన రేకును లాగితే చీలికలు తెరుచుకుని వజ్రాకారపు గళ్ళవుతాయి, మళ్ళీ ముడుచుకోవు. 1986లో ఫ్రాన్సులో తులూజ్‌లోనూ, స్విట్జర్లండులో లోజాన్‌లోనూ మరో రకం స్టెంట్లను మనుషుల గుండె ధమనుల్లో పెట్టారు. పాల్మాజ్‌కు ఒక రెస్టారెంట్ల యజమాని పెట్టుబడి పెట్టాడు. 1988లో పేటెంటు వచ్చింది. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ చేతికి హక్కు పోయింది. 1994లో గుండె ధమనుల్లో వాడడానికి అమెరికా ప్రభుత్వం అనుమతించింది. చిటికెనవేలి గోరుకంటె కొంచెం పొడుగైన ఉక్కుజాలీని ఒక్కొక్కటి దాదాపు 1,600 డాలర్లకు అమ్మారు.

వదిన అడిగిన “మందు” సంగతి కూడా చెప్పాలి. 2003లో అమెరికా అనుమతి పొందిన మొదటి మందుపూత స్టెంటుకు పూసినది సిరోలిమస్. పసిఫిక్ సముద్రం మధ్య రాపా నుయి ద్వీపంనుంచి 1960లలో కెనడా యాత్రికులు తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి దాన్ని తయారుచేస్తుంది. ఆ మట్టినుంచి మందును వెలికితీసిన బృందానికి నాయకుడు భారతదేశంలో పుట్టిన సురేన్ సెహగల్. ద్వీపవాసుల మట్టి, మనవాడి బుద్ధి, తాపీవాళ్ళ రేకు, ఆస్పత్రి కుర్రవాడి ముడి. అన్నీ కలిసి ఒక అట్టపెట్టెలోకి చేరాయి. పెట్టెమీద మాత్రం ఒకే పేరు, ఒక ధర.

ధర మాటకొస్తే, హైదరాబాదు చరిత్రలో ఒక చిన్న అధ్యాయం వుంది. 1990లలో అబ్దుల్ కలాం, హృద్రోగ వైద్యుడు సోమరాజు, రక్షణ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులు కలిసి స్వదేశీ స్టెంటు చేశారు. కలాం-రాజు స్టెంటు అని దానికి పేరు. క్షిపణుల కోసం లోహాలు పరిశోధించిన చోటనే అది పుట్టింది. దిగుమతి సరుకుకంటె చాలా తక్కువ ధరకు ఇవ్వవచ్చునని రుజువు చేసింది. రుజువు అయింది గాని బజారు మారలేదు. 2017 ప్రారంభానికి మన దేశంలో మందుపూత స్టెంటు సగటు గరిష్ఠ ధర 1,21,400 రూపాయలు, మామూలుది 45,100. స్టెంట్లను 2016లో అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చారు. ఒక న్యాయవాది ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి పట్టుపట్టిన తరువాత, 2017 ఫిబ్రవరి 13న జాతీయ ధరల నియంత్రణ సంస్థ మొదటిదానికి 29,600, రెండోదానికి 7,260 అని పరిమితి పెట్టింది. ఒక్కరోజులో నాలుగోవంతు ధర! ఉక్కు మారలేదు, మందు మారలేదు, డాక్టరు చెయ్యి మారలేదు. మరి నిన్నటిదాకా మిగిలిన మూడువంతులు దేని ధర? తయారీదారునుంచి రోగిదాకా మధ్య చేతులు ఎన్నో, ప్రతి చేతికీ అంటుకున్నదెంతో ఆ సంస్థ లెక్కలే బయటపెట్టాయి. కొన్ని విదేశీ కంపెనీలు తమ కొత్తరకం స్టెంట్లను మన బజారునుంచి తీసేసుకుంటామని అర్జీలు పెట్టుకున్నాయి.

ఇక్కడ నా మిత్రుడొకరు అడ్డుతగిలారు. “పెట్టుబడిదారుడు లేకపోతే నీ ఫొగార్టీ బుడగ సిన్సినాటి దాటేదా?” అన్నారు. ఇది కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. ఇంట్లో గాలపుముడి వేసి కోట్లమందికి బుడగలు అందించలేం. కార్ఖానా కావాలి, కొలతలు తప్పని యంత్రాలు కావాలి, పరీక్షలకు డబ్బు కావాలి. అది కంపెనీలు చేశాయి. చేసినదాన్ని లేదనడం భౌతికవాదం కాదు. కాని, కంపెనీ వచ్చినది ఎప్పుడు? విద్యార్థిని నమ్మలేదు, డాటర్ పదేళ్ళు నవ్వులపాలవుతున్నప్పుడు పెద్ద పెట్టుబడి పక్కన నిలబడలేదు. ప్రమాదమంతా వంటగదులూ, ప్రజల ఆస్పత్రులూ, ప్రభుత్వ ఖజానాలూ భరించాక, లాభం ఖాయమని తేలాక అది వచ్చింది. సృష్టి అందరిది, సొత్తు కొందరిది. మన వాదం కార్ఖానా అక్కరలేదని కాదు. సొత్తు లెక్క సరిచూడాలని.

సొత్తు అయిన పనిముట్టు తన పనిని కూడా మార్చుకుంటుంది. గుండెపోటు వచ్చినవేళ మొదటి కొద్ది గంటల్లో ధమని తెరిస్తే ప్రాణం నిలుస్తుంది; ఇందులో సందేహం లేదు. కాని నిలకడగా వున్న గుండెనొప్పికి మంచి మందులతోబాటు స్టెంటు వేసినా చావులు తగ్గలేదని 2007లో కరేజ్ అనే పెద్ద పరిశోధన తేల్చింది. 2020లో వెలువడిన మరో పెద్ద పరిశోధనా ఆ మాటే బలపరచింది. సరుకుకు ఈ వివేకం పట్టదు. అది అవసరమున్నచోటికి కాదు, కొనగలిగినవాడున్నచోటికి పోతుంది. పట్నంలో నిలకడ రోగికి అవసరం లేకపోయినా స్టెంటు దొరుకుతుంది. మారుమూల పల్లెలో గుండెపోటు వచ్చిన కూలివాడికి, ఆ కొద్ది గంటల్లో చేరగల దూరంలో స్టెంటు వుండదు.

ఉపాధ్యాయ మిత్రులకు నాదొక మనవి. ఫోర్స్‌మన్ కథ పిల్లలకు చెప్పండి. అది చెప్పదగ్గ కథే. చెప్పినప్పుడు తాళాలు ఎవరి దగ్గర వున్నాయో చెప్పండి. ఆ తరువాత అతనే పార్టీలో చేరాడో కూడా చెప్పండి. ముడి వేసినవాడు అంతకుముందు ఆస్పత్రిలో ఏ పని చేసేవాడో చెప్పండి. చివర 2017లో ఒక కాగితంమీద మారిన ధరను నల్లబల్లమీద రాసి, ఎందుకు మారగలిగిందో పిల్లలనే అడగండి.

మొన్న ఊరికి వెళ్ళినప్పుడు ఇదంతా వదినకు చెప్పాను. ఓపిగ్గా విన్నది. “అయితే మనం ఆ రోజు కట్టిన డబ్బు ఆ నర్సుకూ, ఆ ద్వీపంవాళ్ళకూ ఏమన్నా పోయిందా?” అని అడిగింది. లేదన్నాను. “మరి ఎవరికి కట్టాం?” అంది. నేను వ్యాసమంతా రాసి చెప్పబోయినది ఆమె రెండు ప్రశ్నల్లో తేల్చేసింది.